తాతయ్య చేతికి అందిన కబురు

రాజు చచ్చిపోయాడు గాని తెర పడలేదు.

కత్తిపోటు తిన్న రాజు సింహాసనం మెట్ల మీద వెల్లకిలా పడి, చెప్పవలసిన ఆఖరి మాట చెప్పి కళ్ళు మూశాడు. స్టేజీకి ఎడమ పక్క చాటున, వింగులో బల్ల ముందు కూర్చున్న డైరెక్టరమ్మ చిన్న గంటను టింగుమనిపించింది. అది వినగానే కుడివైపు వింగులో ఉన్న తాతయ్య తాడు లాగాలి. రెండు రెక్కల తెర రెండు వైపుల నుంచీ వచ్చి నడిమధ్య కలుసుకోవాలి. తాతయ్య తాడు పట్టుకునే ఉన్నాడు. రాజుగారి చావును రెప్ప వేయకుండా చూస్తూనే ఉన్నాడు. గంటే ఆయనకు వినబడలేదు.

డైరెక్టరమ్మ మళ్ళీ కొట్టింది. ఇంకా గట్టిగా కొట్టింది. ముందు వరసల్లో జనం ఈ చప్పుడు ఎటు నుంచి వస్తోందా అని తలలు తిప్పారు. శవమై పడి ఉన్న రాజుకు ముక్కు దురద పుట్టింది. కాసేపు ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేక గోక్కున్నాడు. హాలంతా గొల్లుమంది. ఇక లాభం లేదని రాజు లేచి, కిరీటం సర్దుకొని, జనానికి ఒక దండం పెట్టి లోపలికి నడిచిపోయాడు. అప్పుడు గాని తాతయ్యకు సంగతి తట్టలేదు. గబగబా తాడు లాగాడు. ఖాళీ సింహాసనం మీద తెర పడింది.

ఆ నాటకశాలలో తెర తీయడం, వేయడం, వెనక బొమ్మల పరదాలు మార్చడం తాతయ్య పని. అందరూ ఆయన్ని తెరతాత అంటారు. చెవులు కొంతకాలంగా మొరాయిస్తున్నాయి. చెవి మిషను ఉంది గాని, అది యుద్ధం సీనులో డ్రమ్ముల మోతను, డైరెక్టరమ్మ గంటను ఒకే ఆప్యాయతతో పెంచేస్తుంది. ఎర్ర బల్బు ఒకటి పెట్టి చూశారు. తాతయ్య కళ్ళు ఎప్పుడూ స్టేజీ మీదే ఉంటాయి, బల్బు వెలిగినా చూడడు. చూసేంత దగ్గర్లో పెడితే దాని ఎరుపు తెర మీద పడి, ఏడుపు సీనులో ఎక్కడో నిప్పంటుకుందని జనం లేచి నిలబడ్డారు.

నాటకం అయ్యాక డైరెక్టరమ్మ ఆయన పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"పెద్దాయనా, మీ మీద కోపం లేదు నాకు. కానీ కొత్త నాటకంలో సీన్లు ఎక్కువ. ఇట్లా అయితే కష్టం. తెరకి మోటారు పెట్టిద్దామని నాటకశాల కమిటీ వాళ్ళు ఎప్పట్నుంచో నా ప్రాణం తీస్తున్నారు."

తాతయ్యకు అందులో సగమే వినబడింది. ఆ సగంలో మోటారు ఉంది.

"మోటారుకేం తెలుసమ్మా?" అన్నాడు. "నవ్వుల సీనుకి ఒక్క ఊపున వెయ్యాలి. ఏడుపు సీనుకి ఊపిరి బిగబట్టి వెయ్యాలి. దానికేమో మీట నొక్కితే కదలటం ఒక్కటే తెలుసు."

"నాకు తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ ఆపుకొచ్చాను," అంది డైరెక్టరమ్మ. ఆమె గొంతులో నిజంగానే బాధ ఉంది.

ఈ మాటలన్నీ వింటూ వింగు గుమ్మంలో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు తాతయ్య మనవరాలు చిట్టి. రెండోవారు ఆయన మనవడి భార్య, అంటే చిట్టికి వదిన. ఇద్దరూ కలిసి బజారులో ఒక దుకాణం నడుపుతారు. గేట్ల రిమోట్లు, తీగ లేని కాలింగ్ బెల్లులు, పిల్లలు నేలకేసి కొట్టిన రిమోటు కార్లు బాగుచేస్తారు. రోజంతా పక్కపక్కనే కూర్చుంటారు, రోజంతా వాదించుకుంటారు. మధ్యాహ్నం ఒకే డబ్బాలోంచి అన్నం తింటారు. 

"చెవికి వినబడకపోతే పోనీ," అంది వదిన. "చేతికి తెలిస్తే చాలదా?"

చిట్టి అప్పటికే తాతయ్య మణికట్టు వైపు చూస్తోంది.

అనుకున్నది తేలికైన పనే. డైరెక్టరమ్మ బల్ల మీద ఒక పెట్టె, దానికో మీట. తాతయ్య చేతికి గడియారంలాంటి పట్టీ, దానిలో ఫోన్లలో ఉండే వణికే మోటారు. మీట నొక్కితే పట్టీ వణుకుతుంది. మధ్యలో తీగ ఉండకూడదు, ఎందుకంటే తాతయ్య ఒకచోట నిలిచే మనిషి కాదు. ముందు తెర తాడు దగ్గర నుంచి వెనక పరదాల దగ్గరికి, అక్కడి నుంచి నిచ్చెనెక్కి ఇనప దూలాల మధ్య ఉన్న అటక మీదికి తిరుగుతూనే ఉంటాడు. మోటారు రాకుండా ఆపాలంటే కొత్త నాటకం మొదలయ్యేలోపు ఇది పని చేయాలని డైరెక్టరమ్మ చెప్పింది.

దుకాణంలో కబురు పంపగల, వినగల గోరంత రేడియో మాడ్యూళ్ళు ఉన్నాయి. వాటిని గేట్ల రిమోట్లకు వాడతారు. బొత్తాం బ్యాటరీ మీద నడిచే బుల్లి ప్రాణం కాబట్టి వాటికి పెద్ద గొంతు ఉండదు. అవి మాట్లాడే తీరు మాత్రం చక్కనిది. కబురంతా ఒకట్లు, సున్నాలే. నడిమి ఫ్రీక్వెన్సీ ఒకటి పెట్టుకుంటాయి. 'ఒకటి' అని చెప్పాలంటే దాని నుంచి కాస్త పైకి జరుగుతాయి, 'సున్నా' అని చెప్పాలంటే అంతే కిందికి జరుగుతాయి. ఎంత జరగాలన్నది పంపేవాళ్ళ ఇష్టం, దాన్ని డీవియేషన్ అంటారు. నడిమికి అటూ ఇటూ ఎంత వెడల్పున వినాలన్నది వినేవాళ్ళ ఇష్టం, అది బ్యాండ్‌విడ్త్. రెండూ ప్రోగ్రాములో రాసే అంకెలే.

"పంపే పెట్టె నాది," అంది వదిన.

"వినే పట్టీ నాది," అంది చిట్టి.

మొదటిసారి మాడ్యూలుతో వచ్చిన నమూనా ప్రోగ్రాములోని అంకెలే ఉంచేశారు. నమూనా రాసినవాడు ఎందుకైనా మంచిదని వినే వెడల్పు బాగా ఎక్కువ పెట్టాడు. దుకాణం బల్ల మీద పట్టీ ముద్దుగా వణికింది. తాతయ్య దాన్ని చేతికి కట్టుకుని, "సీతాకోకచిలుక వాలినట్టుందే," అని మురిసిపోయాడు.

నాటకశాలలో ఆ సీతాకోకచిలుకకు పిచ్చెక్కింది. తాతయ్య నిలబడే చోటికి పక్కనే లైట్ల డిమ్మర్ల పెట్టె ఉంది. లైటు తగ్గించినా పెంచినా అది గాలి నిండా రేడియో గోల చేస్తుంది. ఆ గోలంతా పట్టీలో వెడల్పుగా వినే రిసీవరులోకి దూరి, మీట ఎవరూ నొక్కకుండానే పట్టీ వణికింది. తాతయ్య నిష్ఠగా తాడు లాగాడు. తెర తెరుచుకుంది. స్టేజీ మధ్యలో రాజు ఒక కాలికి బూటుతో, రెండో బూటు చేత్తో పట్టుకొని, నోట్లో బిస్కెట్టుతో నిలబడి ఉన్నాడు. ఈ రాజు పగటిపూట కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు. అయినా అందరూ ఆయన్ని రాజుగారనే పిలుస్తారు.

"ప్రజలారా!" అన్నాడు బిస్కెట్టు మింగి. కుర్చీలు తుడుస్తున్న ఆవిడ ఒక్కతే ప్రజ. ఆవిడ పడీపడీ నవ్వింది.

ఆ నాడే ఇంకో లోపం కూడా బయటపడింది. తాతయ్య అటక మీద ఇనప దూలాల నడుమ ఉన్నప్పుడు డైరెక్టరమ్మ నొక్కిన కబుర్లలో కొన్ని అందలేదు.

మర్నాడు చిట్టి నాటకశాలలోనే ఉండిపోయింది. డిమ్మర్ల పక్కన నేల మీద చతికిలబడి, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆలోచించింది. గోల లోపలికి వస్తోందంటే తలుపు మరీ బార్లా తెరిచి ఉన్నట్టే కదా! రిసీవరు వినే వెడల్పును ఆ మాడ్యూలు ఒప్పుకున్నంత సన్నగా చేసేసింది. పట్టీ నోరు మూసుకుంది. డిమ్మర్లను ఎన్నిసార్లు పైకీ కిందికీ తిప్పినా ఉత్తినే వణకలేదు. చిట్టి ప్రాణం లేచొచ్చింది.

సరిగ్గా అదే సమయానికి దుకాణంలో వదిన ఇంకోలా ఆలోచిస్తోంది. అటక మీద కబురు అందకుండా పోతోందంటే చెప్పేది స్పష్టంగా లేదన్నమాట. 'ఒకటి'కీ 'సున్నా'కీ మధ్య దూరం పెంచితే వినేదానికి తేడా తేలిగ్గా తెలుస్తుంది. డీవియేషన్‌ను చాలా పెంచింది. తను చేసింది తనకే ఎంతో నచ్చింది.

విడివిడిగా చూస్తే ఇద్దరి ఆలోచనలోనూ తప్పు లేదు. ఇంత చిన్నదానికి ఫోనెందుకు, కలిసినప్పుడు చెబుదాంలే అని ఇద్దరూ అనుకున్నారు. కలిసినప్పుడు వదినకు ఒక గేటు రిమోటువాడు తగులుకున్నాడు, చిట్టికి ఆకలేసింది. మాట మరుగున పడిపోయింది. పెట్టె, పట్టీ రెంటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి ఒకసారి నొక్కి చూశారు. పట్టీ వణికింది. అంత దగ్గర్లో మరి ఎలాగైనా వణుకుతుంది. చెవి పక్కన నోరు పెట్టి అరిస్తే తలుపు మూసి ఉన్నా ఎంతో కొంత వినబడినట్టే.

మేకప్పులూ, దుస్తులూ వేసుకుని ఆడే రిహార్సలు రోజున కమిటీ వాళ్ళు కూడా వచ్చి మొదటి వరసలో కూర్చున్నారు. డైరెక్టరమ్మ మీట నొక్కింది. తెర తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కింది. తెర వెనక రాజుగారు సింహాసనం మీద దర్జాగా కూర్చుని, ఎదురుగా ఉన్న ఎర్ర గుడ్డ వైపు ఠీవిగా చూస్తూనే ఉన్నాడు. తాతయ్య తాడు పట్టుకుని, తన మణికట్టును ఆశగా చూసుకుంటున్నాడు. చివరికి డైరెక్టరమ్మే పెట్టెను చంకలో పెట్టుకుని స్టేజీ అడ్డంగా పరిగెత్తుకొచ్చి, తాతయ్య పక్కన నిలబడి నొక్కింది. అప్పుడు వణికింది.

"బాగుందమ్మా," అన్నాడు కమిటీ పెద్ద. "ఇంత దూరం వచ్చి నొక్కే బదులు ఆయన భుజం తడితే సరిపోయేదిగా?"

మోటారువాడు ఎల్లుండి కొలతలు తీసుకోడానికి వస్తాడని చెప్పి వాళ్ళు వెళ్ళిపోయారు.

వదినా మరదళ్ళ మధ్య అంతవరకూ ఆపుకున్నది ఒక్కసారిగా బయటికొచ్చింది.

"నీ పెట్టె ఏం పంపుతోందో ఏమో! నిన్నటిదాకా బాగానే ఉంది!"

"నా పెట్టెకేం? మాట ఇంకా స్పష్టంగా చెబుతోంది. నీ రిసీవరే ఉత్త చెవిటిది!"

మాట నోరు జారాక వదిన నాలుక కరుచుకుంది. ఇద్దరూ మెల్లిగా తాతయ్య వైపు చూశారు. ఆయనకు వినబడవలసినవి వినబడవు గాని, వినబడకూడని మాటలు మాత్రం ఒక్కటీ పొల్లుపోవు.

తాతయ్య పట్టీ ఉన్న చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. ఆయన భుజాలు అదిరాయి. ఏడుస్తున్నాడేమోనని వదిన ఒక అడుగు ముందుకు వేసింది. ఆయన నవ్వుతున్నాడు.

"చెవిటివాడి చేతికి చెవిటిదాన్నే కట్టారా? జోడీ బాగా కుదిర్చారే!" అన్నాడు. "పోనీలే. దీనికి ఇంకో రోజు టైమిద్దాం. నాకు వీళ్ళెన్నాళ్ళిచ్చారు!"

వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "క్షమించు తాతయ్యా, నేనన్నది నిన్ను కాదు," అంది.

"నన్నయినా తప్పేముందే? ఉన్న మాటేగా! ముందు దాని సంగతి చూడండి."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఖాళీ నాటకశాలకు వచ్చారు. ముందు రోజు వాదన వాళ్ళతో పాటు రాలేదు. బ్యాటరీలు మార్చి చూశారు. ఏంటెన్నాగా వాడిన తీగ ముక్కను మళ్ళీ అతికించారు. లాభం లేకపోయింది. అప్పుడు చిట్టి సంచీలోంచి బొటనవేలంత రిసీవరు ఒకటి తీసి ల్యాప్‌టాప్‌కు గుచ్చింది. గాలిలో ఏ ఫ్రీక్వెన్సీలో ఏముందో గీతలుగా చూపించే పరికరం అది.

"నొక్కు వదినా."

వదిన నొక్కింది. ల్యాప్‌టాప్ తెర మీద రెండు గుట్టలు లేచాయి. ఒకటి ఈ చివర, ఇంకోటి ఆ చివర. మధ్యలో బోలెడంత ఖాళీ మైదానం.

"ఇదేంటి? ఇవి ఇంత ఎడంగా ఎప్పుడు జరిగాయి?"

"నేనే జరిపాను. తేడా బాగా తెలుస్తుందని. చెప్పలేదూ?"

"చెప్పలేదు," అంది చిట్టి. ఆమె మొహంలోకి ఒక చిత్రమైన రంగు వచ్చింది. "నేను కూడా నీకో మాట చెప్పలేదనుకుంటా. రిసీవర్ని బాగా సన్నం చేశాను. డిమ్మర్ల గోల రాకుండా."

"ఎంత సన్నం?"

చిట్టి ఆ రెండు గుట్టల మధ్య ఖాళీ మైదానంలో చూపుడువేలితో ఇంత సందు గీసి చూపించింది. గుట్టలు రెండూ సందుకు బయటే ఉన్నాయి. పట్టీ నిన్నంతా కబురు లేని చోట చెవి పెట్టి ఎంతో శ్రద్ధగా వింటోంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదట వదిన మూతి బిగపట్టింది. తరువాత చిట్టి ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఆ పైన ఇద్దరూ నేల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వారు.

వింగులో ఊడుస్తున్న తాతయ్య చీపురు పక్కన పెట్టి వచ్చాడు. "ఏంటే అంత నవ్వు? నాకూ చెప్పండి."

మాటల్లో చెబితే తెమిలేలా లేదని వదిన లేచింది. తను స్టేజీ ఈ చివర నిలబడి, చిట్టిని ఆ చివర నిలబెట్టింది. అప్పుడే వచ్చిన డైరెక్టరమ్మను హాలు మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టింది.

"తాతయ్యా, తెర కొంచెం, ఒక్క బారెడు తియ్యి!" అని అరిచింది.

ఆయన తీశాడు. "అమ్మగారూ, మేము కనబడుతున్నామా?" అని అడిగింది వదిన.

"ఇద్దర్లో ఒక్కరూ కనబడట్లేదు. ఖాళీ స్టేజీ కనబడుతోంది," అంది డైరెక్టరమ్మ.

"నిన్న జరిగిందదే తాతయ్యా! నేను మనుషుల్ని దూరం జరిపాను. చిట్టి తెర సగం మూసింది."

తాతయ్యకు వెంటనే బోధపడింది. "మరైతే తెర మొత్తం లాగేస్తే పోలేదా?"

"మొత్తం లాగేస్తే పక్కన బూట్లేసుకునే రాజుగారు కూడా కనిపిస్తారుగా!" అంది చిట్టి. "మొదటిరోజు అదే అయ్యింది. మనుషులు ఎంత దూరంలో ఉంటే అంతే తెరవాలి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

సంగతి తెలిశాక పని చకచకా సాగింది. కాని చిట్టికి ఉత్సాహం ఎక్కువైంది. సన్నగా ఉంటే గోల రాదని తేలిపోయింది కదా, అయితే రెంటినీ సన్నం చేద్దామంది. పంపేది అతి కొద్దిగా జరగాలి, వినేది ఆ కొద్ది వెడల్పే వినాలి. వదిన తల ఊపింది. చేసి చూస్తే అద్భుతంగా ఉంది. అటక మీద అందింది. మేకప్పు గదిలో తలుపులేసుకుంటే అందింది. చిట్టి పట్టీ కట్టుకుని వీధి చివర బస్టాపు దాకా వెళ్ళింది, అక్కడా వణికింది. బస్సు కోసం నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన, రోడ్డు మీద ఒంటరిగా చేయి చూసుకుని గంతులేస్తున్న ఈ అమ్మాయిని చూసి రెండడుగులు పక్కకు జరిగాడు.

మధ్యాహ్నం డైరెక్టరమ్మ నాటకం మొత్తం లైట్లతో నడిపించింది. మొదటి రంగం తెర సమయానికి తెరుచుకుంది, సమయానికి పడింది. రెండోదీ అంతే. నాలుగో రంగానికి వచ్చేసరికి ఒకసారి తప్పింది. అయిదో రంగంలో పట్టీ పూర్తిగా ఉలుకూ పలుకూ లేకుండా పోయింది.

చిట్టి మొహం మాడిపోయింది. "ఇప్పటిదాకా బస్టాపులో కూడా వణికిందే! ఏమైంది దీనికి?"

వదిన డైరెక్టరమ్మ బల్ల దగ్గరికి వెళ్ళి పెట్టె మీద చేయి వేసింది. వేసిన చేయి వెంటనే తీసేసింది. బల్ల మీద చదువుకునే దీపం ఉంది. పైన స్టేజీ లైటు ఒకటి వాలి ఉంది. పెట్టె కుంపటిలా కాలుతోంది.

"చిట్టీ, ఇలా రా. గుట్టలు చూడు ఇప్పుడు."

రెండు గుట్టలూ పొద్దున ఉన్నంత దగ్గరగానే ఉన్నాయి. కాని రెండూ కలిసి పక్కకు జరిగాయి. మాడ్యూలు నడిమి ఫ్రీక్వెన్సీని పట్టి ఉంచేది ఒక చిన్న క్రిస్టల్. వేడికి అది కొంచెం మారుతుంది. దాంతో నడిమే జరుగుతుంది. రిసీవరులోనూ అలాంటి క్రిస్టలే ఉంది, దాని దారి దానిది. సందు అంత బిగుతుగా ఉంటే ఆ కాస్త జరుగుడుకే కబురు గోడకు తగులుతుంది.

"ఎండాకాలంలో గేటు రిమోట్లు పని చెయ్యట్లేదని వచ్చేవాళ్ళంతా చెప్పేది ఇదేనే," అంది వదిన. "నీ చొక్కా నీకు అతికినట్టు కుట్టావు. ఊపిరి పీల్చుకోడానికి చోటేది?"

ఈసారి చిట్టి వాదించలేదు. ఇద్దరూ బల్ల ముందు కూర్చుని లెక్క వేశారు. డీవియేషన్ పైకొకసారి, కిందికొకసారి, కాబట్టి రెండింతలు. కబురు ఎంత వేగంగా పంపుతున్నారో దానికి కొంత చోటు. ఆ పైన రెండు క్రిస్టళ్ళూ చెరో దిక్కుకు జరిగినా సరిపోయేంత వదులు. అంతా కలిపితే మాడ్యూలులో ఉన్న వెడల్పులలో కింది నుంచి రెండోది అచ్చంగా సరిపోయింది. డీవియేషన్‌ను దానికి తగ్గట్టు మధ్యరకంగా పెట్టారు.

నమ్మకం కుదరాలంటే వేడి పెట్టి చూడాలి. మేకప్పు గదిలోని జుట్టు ఆరబెట్టే మిషను తెచ్చి రాజుగారి చేతికిచ్చారు. ఆయన కిరీటంతోనే మోకాళ్ళ మీద కూర్చుని, పంపే పెట్టె మీద వేడిగాలి ఊదాడు. చిట్టి చల్లటి నీళ్ళ సీసాను పట్టీకి ఆనించి అటక మీద నిలబడింది. డిమ్మర్లను పైకీ కిందికీ తిప్పమని వదిన కేక పెట్టింది. గోల మధ్య, వేడి మధ్య, చలి మధ్య డైరెక్టరమ్మ నొక్కింది.

"వణికింది!" అని పైనుంచి అరుపు.

మళ్ళీ నొక్కింది.

"వణికింది! నా చెయ్యి కూడా వణుకుతోంది, ఈ సీసా తీసెయ్యనా?"

"పెట్టె మీద ఇంకొంచెం ఊదనా తల్లీ?" అని అడిగాడు రాజుగారు. ఆయనకు ఆ పని బాగా నచ్చింది. 

"చాలు బాబోయ్, కరిగిపోతుంది!" అని వదిన మిషను లాక్కుంది. ఆ చేత్తోనే పైన వాలి ఉన్న స్టేజీ లైటును పెట్టె మీద నుంచి పక్కకు తిప్పింది.

నొక్కనప్పుడు వణకలేదు, నొక్కినప్పుడు ఒక్కసారీ తప్పలేదు. డైరెక్టరమ్మ అక్కడికక్కడే ఫోను తీసి మోటారువాడికి రావద్దని చెప్పింది. కమిటీ పెద్దకు కూడా ఆమే ఫోను చేసింది. ఆయనేదో అడిగినట్టున్నాడు, "భుజం తట్టాల్సిన పని లేదండీ, ఇక్కణ్ణించే తడుతున్నాం," అంది.

కొత్త నాటకం మొదటి ప్రదర్శనకు హాలు నిండిపోయింది. వదిన, చిట్టి ఈసారి జనంలో కూర్చోలేదు. తాతయ్య వెనక, డిమ్మర్ల పక్కన, గోడకు అతుక్కుని నిలబడ్డారు. పట్టీ మీద చిన్న గుడ్డ కట్టి ఉంది, వేషధారుల నగలకు తగలకుండా. తాతయ్య వాళ్ళ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన చూపంతా స్టేజీ మీదే.

యుద్ధం సీనులో డ్రమ్ములు హాలు పైకప్పు లేచిపోయేలా మోగాయి. ఆ మోతలో చిట్టికి తన గొంతే తనకు వినబడలేదు. తాతయ్య చేయి ఉలిక్కిపడింది, అదే ఊపున తాడు లాగాడు. కత్తులు గాలిలో ఉండగానే తెర రెండు రెక్కలూ వచ్చి కలుసుకున్నాయి. అవతల చప్పట్లు మోగాయి.

ఆఖరి రంగంలో రాణి చచ్చిపోతుంది. రాజు ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఏమీ మాట్లాడడు. చిట్టి ఆ పట్టీనే చూస్తోంది కాబట్టి గుడ్డ అంచు వణకడం ఆమెకు కనబడింది. తాతయ్య వెంటనే లాగలేదు. అందలేదా? అందుతుండగా చూసిందే! తాతయ్య స్టేజీ వైపు చూస్తూ ఒక ఊపిరి పీల్చాడు. రాజుగారు తల వంచుతున్నాడు. ఆ తల వంగేకొద్దీ తాతయ్య చేతులు తాడు మీద మెల్లిగా కదిలాయి. రాజు నుదురు రాణి నుదుటికి ఆనిన క్షణానికి తెర మూసుకుంది.

హాల్లో ఎవరో ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. ఆ తరవాత చప్పట్లు మొదలయ్యాయి.

వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అందిందిగా?" అంది గుసగుసగా.

"అందింది," అంది చిట్టి. "ఆ మిగతాది మనం రాసింది కాదు."

చప్పట్లు ఆగలేదు. డైరెక్టరమ్మ బల్ల దగ్గర్నుంచి నొక్కింది. తెర తీశారు, వేషధారులు దండాలు పెట్టారు, తెర వేశారు. మళ్ళీ నొక్కింది. చచ్చిన రాణి లేచి దండం పెట్టింది. మళ్ళీ నొక్కింది. ఆనందం పట్టలేక ఆమె మీట మీంచి వేలు తీయడమే మరిచిపోయినట్టుంది. తాతయ్య తీస్తూ, వేస్తూ, తీస్తూ ఆయాసపడ్డాడు.

"ఒసేయ్ పిల్లలూ, ఇది ఆగట్లేదే! రండి, ఓ చెయ్యి వెయ్యండి!"

ఇద్దరూ పరిగెత్తుకొచ్చి తాడు పట్టుకున్నారు. ముగ్గురూ కలిసి లాగారు. ఒకసారి చిట్టి అటు, వదిన ఇటు లాగారు. తెర మధ్యలో ఆగి వణికింది. రాజుగారు ఆ సందులోంచి తల ఒక్కటే బయట పెట్టి జనానికి నమస్కారం పెట్టాడు. హాలు ఊగిపోయింది.

జనం వెళ్ళిపోయాక లైట్లు ఒక్కొక్కటే ఆర్పేస్తున్నారు. రాజుగారు కిరీటం చంకలో పెట్టుకుని వచ్చి, ఇలాంటి పట్టీ తనకూ ఒకటి చేసిపెట్టమని చిట్టిని పట్టుకున్నాడు. మరిచిపోయిన డైలాగులు అందులో వస్తాయా అని ఆయన అనుమానం. రావని చిట్టి చెబితే, ఏ డైలాగు మరిచిపోయాడో అదైనా చెప్పదా అని అడిగాడు. డైరెక్టరమ్మ ఆయన భుజం పట్టి నడిపించుకుపోయింది.

వదిన అరచేతులు చూసుకుంటోంది. తాడు ఒరుసుకుని ఎర్రగా కందాయి. తాతయ్య ఆ చేతులు పట్టుకుని లైటు కింద తిప్పి చూశాడు.

"తాడుని గుప్పిట్లో బిగించావు. అందుకే కందింది. వేళ్ళ మీద పట్టుకోవాలి, దాన్ని జారనివ్వాలి. ఇలా రా, చూపిస్తా."

"ఇప్పుడా తాతయ్యా? హాలు ఖాళీ అయిపోయింది."

"ఖాళీగా ఉన్నప్పుడే నేర్చుకోవాలి. తప్పు చేసినా నవ్వేవాడుండడు."

వదిన కొంగు నడుముకు బిగించి తాడు ముందు నిలబడింది. తాతయ్య ఆమె మోచేతులను కొంచెం కిందికి దించి, పక్కకు తప్పుకున్నాడు. ఆమె లాగింది. తెర రెండు రెక్కలూ విసురుగా వచ్చి ఒకదాని మీద ఒకటి ఎక్కి చిక్కుపడ్డాయి. చిట్టి పకపకా నవ్వింది.

"నవ్వకే! నువ్వూ రా, నీ వంతు తరవాత," అని తాతయ్య వదిన వైపు తిరిగాడు. "ఊఁ, మళ్ళీ."